కారణం రాయవలసిన గడి

గణిత విభాగం రెండో అంతస్తులో ఉండేది. మెట్లెక్కి వచ్చినవాళ్ళకి ముందుగా కనిపించేది హెడ్డు గారి గది కాదు, లైబ్రరీ కాదు, ఆఫీసు గది కిటికీ. ఆ కిటికీ వెనక ఇరవై నాలుగేళ్ళుగా కూర్చుంటున్న మనిషిని విద్యార్థులు ఎదురుగా మేడం అనీ, మెట్లు దిగాక ఫైలమ్మ అనీ పిలిచేవారు. ఆ రెండో పేరు ఆవిడకి తెలుసు. తెలిసి ఊరుకోవడమే కాదు, ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసేది.

పదో తరగతి దాటాక ఆవిడ లెక్కల జోలికి పోలేదు. అయినా ఇరవై నాలుగేళ్ళ ప్రశ్నపత్రాలన్నీ ఆవిడ చేతి మీదుగానే టైపయ్యాయి. గుర్తుల అర్థం తెలియకపోయినా వాటి మొహాలు బాగా తెలుసు. "సార్, మూడో లెక్కలో బ్రాకెట్టు తెరిచారు, ముయ్యలేదు" అని కిటికీలోంచి కేక వేస్తే ఎంతటి మాస్టారైనా నాలుక్కరుచుకుని వెనక్కి రావలసిందే. గేటు బార్లా తీసి వదిలేసి పోయేవాళ్ళ మీద ఇంటివాళ్ళకి ఎంత కోపమో, బ్రాకెట్టు ముయ్యనివాళ్ళ మీద ఆవిడకి అంత కోపం.

విభాగంలో మాస్టార్లు తొమ్మిది మంది. అందులో లౌక్యం తెలిసినవాడు మందుకైనా లేడు. పిలిచిన ఇంటికి వెళ్ళి కడుపు నిండా తిని, ఎలా ఉందని ఆ ఇల్లాలు అడిగితే "ఉప్పెక్కువైంది" అని చెప్పి వచ్చే రకం. ఫైలమ్మ రాకముందు నుంచీ అక్కడ ఒక అలవాటుంది. పరీక్షలో జవాబు రానివాడు పేజీలు నింపకుండా 'తెలియదు' అని ఒక్క మాట రాస్తే, పది మార్కుల ప్రశ్నకి ఒక మార్కు వేస్తారు. తెలియనిది తెలిసినట్టు నాలుగు పేజీలు దంచినవాడికి గుండుసున్నా. "తెలియదని తెలుసుకోవడం చిన్న పని కాదమ్మా, పదో వంతు పని అయినట్టే" అనేవారు హెడ్డు గారు. ఆయన పొడుగ్గా, కాస్త వంగి, చొక్కా చేతుల మీద ఎప్పుడూ సుద్దపొడితో ఉండే మనిషి. గొడుగు తెచ్చిన రోజు గొడుగు, కళ్ళజోడు తీసిన రోజు కళ్ళజోడు ఫైలమ్మ బల్ల మీద మరిచిపోయి ఇంటికి వెళ్ళేవారు.

ఆ 'తెలియదు' అలవాటే చివరికి కొంప ముంచింది.

ఆ ఏడాది విశ్వవిద్యాలయం విభాగాలన్నిటి నాణ్యత కొలుస్తామని ఒక ఫారం పంపింది. అరవై నాలుగు పేజీలు, రెండు వందల పన్నెండు గడులు. విభాగం తన గురించి తాను నింపి పంపాలి, తర్వాత బయటి కమిటీ వచ్చి చూసి నూటికి మార్కులు వేస్తుంది. అరవై దాటితే సరే. దాటకపోతే పై చదువు కోర్సు ఎత్తేసి, విభాగాన్ని తీసుకెళ్ళి రోడ్డు చివర ఇంజనీరింగు కాలేజీలో ఒక మూల కలిపేస్తారు. ఆ ముక్క చదివినప్పుడు ఫైలమ్మకి గుండె జారిపోయింది. ఆవిడకి తన బల్ల గురించి బెంగ లేదు, బల్ల ఎక్కడైనా దొరుకుతుంది. ఈ తొమ్మిది మందినీ అక్కడికి తోలితే వారం తిరక్కుండా ఎవరో ఒకరికి నిజం చెప్పి తన్నులు తిని వస్తారని ఆవిడ భయం. ఆవిడకి ఆ మనుషులంటే ప్రాణం. భర్త పోయేనాటికి కొడుక్కి తొమ్మిదేళ్ళు. ఆ తర్వాత ఆ పిల్లాడు స్కూలు నుంచి తిన్నగా ఆ వరండాలోకే వచ్చేవాడు. ఒక మాస్టారు ఎక్కాలు, ఒక మాస్టారు చదరంగం, హెడ్డు గారు బల్ల మీద సుద్దముక్కలు పేర్చి ఏవేవో ఆటలు నేర్పి పెంచారు.

ఫారం నింపడానికి తొమ్మిది మందీ సమావేశమయ్యారు. మొదటి ప్రశ్న 'విభాగం తన లక్ష్యాన్ని సాధించిందా?' దాని మీదే గంటన్నర పోయింది. లక్ష్యం ఏమిటో ఎక్కడా నిర్వచించలేదు కాబట్టి జవాబు చెప్పలేమని తేల్చారు. 'గత ఐదేళ్ళలో మెరుగుపడ్డారా?' అన్న చోట 'దేనితో పోలిస్తే?' అని ఎదురు ప్రశ్న రాశారు. 'తరగతి గదులు సరిపడా ఉన్నాయా?' అంటే 'మూడు తరగతులు ఒకేసారి జరగనంత వరకు ఉన్నాయి' అన్నారు. ఇవి టైపు చేస్తున్నప్పుడే ఫైలమ్మకి చెమటలు పట్టాయి. "సార్, నలుగురూ ఎలా రాస్తారో అలా రాద్దాం సార్" అంది. "నలుగురూ ఎలా రాస్తారో మనకి తెలియదు కదమ్మా" అన్నారు హెడ్డు గారు, ఎంతో మామూలుగా.

చివరి పట్టిక మరీ పెద్దది. ఏడేళ్ళలో చేరిన విద్యార్థులందరి పేర్లు, ఇప్పుడు ఎక్కడ ఏం చేస్తున్నారు, మధ్యలో మానేస్తే కారణం. ముప్పై ఎనిమిది పేర్ల ఎదుట మాస్టార్లు 'తెలియదు' అని రాసి, నిజాయితీగా పని చేశామన్న తృప్తితో టీ తాగి వెళ్ళిపోయారు. ఒక్కో దానికీ పదో వంతు మార్కు వస్తుందని వాళ్ళ నమ్మకం.

పది రోజులకి ఫారం తిరిగొచ్చింది. తెలియదు అన్న గడికి సున్నా వేస్తామనీ, రెండు వారాల్లో తెలుసుకుని రాయమనీ పై ఆఫీసు వాళ్ళు ఎర్ర సిరాతో రాశారు. హెడ్డు గారు ఆ కాగితం రెండు సార్లు చదివి, "ఒక్క మార్కు కూడా వెయ్యరట" అన్నారు, చేతిలోది ఎవరో లాక్కున్న పిల్లాడిలా మొహం పెట్టి. ఫైలమ్మ ఆ కాగితం ఆయన చేతిలోంచి తీసుకుంది. "ఇది నాకు వదిలెయ్యండి సార్. తెలుసుకోవడం నా పని" అంది.

మర్నాటి నుంచి ఆవిడ ఫోనుకి అతుక్కుపోయింది. సర్టిఫికెట్ల రిజిస్టరు, హాస్టలు రిజిస్టరు, గ్రంథాలయం బాకీ పుస్తకాల జాబితా, అన్నీ ముందు పరుచుకుంది. పుస్తకం ఎగ్గొట్టినవాడు ఎక్కడున్నా దొరుకుతాడని ఆవిడ అనుభవం. ఒకడు పూలమొక్కల నర్సరీ పెట్టాడు. ఒకమ్మాయి ముగ్గురు పిల్లల్ని కని, వాళ్ళకి లెక్కలు చెప్పలేక ట్యూషను పెట్టించింది. ఒకమ్మాయి ఇంట్లో అత్తగారు ఫోనెత్తి, "మా కోడలు నాణ్యత మీకెందుకండీ?" అని పావుగంట నిలదీసింది. ఒకడు బట్టలు కుట్టే దుకాణం నడుపుతున్నాడు. "నన్ను రాయకండి మేడం, విభాగం పరువు పోతుంది" అని బతిమాలాడు. "కొలతలు సరిగ్గా తీస్తావా?" అని అడిగింది ఫైలమ్మ. "అందులో తిరుగులేదు మేడం" అన్నాడు. "అయితే రాస్తున్నా" అని రాసేసింది.

మధ్యలో మానేసినవాళ్ళని కూడా ఆవిడ ఒకే తీరుగా అడిగేది. "మా రికార్డులో మీరు మానేసినట్టుంది, కారణం రాయలేదు. చెప్పడం చెప్పకపోవడం మీ ఇష్టం." ఆ చివరి మాట అన్నాక అందరూ చెప్పేవారు. ఇంట్లో ఇబ్బందులు కొందరివి, ఉద్యోగం దొరికింది కొందరికి. ఒకడు మాత్రం అర్ధగంట ఆలోచించుకుని మళ్ళీ ఫోన్ చేసి, "నిజంగా నాకే తెలియదు మేడం" అన్నాడు. వాడు ఆ విభాగంలో చదివినవాడే అని ఆవిడకి గట్టి నమ్మకం కలిగింది.

పదకొండు రోజుల్లో ముప్పై ఏడు గడులు నిండాయి. ముప్పై ఎనిమిదో పేరు దగ్గర ఫైలమ్మ ఆగింది. ఆ నంబరు ఏ రిజిస్టరులోనూ వెతకనక్కర్లేదు. అది ఆవిడ కొడుకు పేరు. మాస్టార్లకి తెలియనిది వాడు మానేసిన కారణం ఒక్కటే.

వరండాలో పెరిగిన ఆ పిల్లాడు అదే విభాగంలో చేరాడు. ఇంకొక్క సెమిస్టరు చదివితే చేతికి పట్టా వస్తుందనగా, ఒక సోమవారం పొద్దున "నేనింక వెళ్ళనమ్మా" అన్నాడు. ఎందుకని ఆవిడ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని భయపడింది. మాస్టార్లు పాఠం సరిగ్గా చెప్పలేదంటే వాళ్ళ మీద మనసు విరుగుతుంది. తనకి తెలివి చాలలేదని వాడు అంటే వాడి మీద జాలేసి నిద్ర పట్టదు. అలా నాలుగేళ్ళ పది నెలలు అడక్కుండానే గడిచిపోయాయి. వాడు లిఫ్టులు బాగు చేసే కంపెనీలో చేరాడు. మంచి పనివాడని పేరు తెచ్చుకున్నాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు, కలిసి తింటారు, పక్కింటివాళ్ళ గురించీ కరెంటు పోవడం గురించీ గంటలు గంటలు చెప్పుకుంటారు. చదువు మాట మాత్రం ఇద్దరి మధ్యా ఎవరూ కూర్చోని కుర్చీలా ఉండిపోయింది.

రెండు రోజులు పొద్దున్నే అడుగుదామని నోరు తెరిచింది. ఒక రోజు "చొక్కా ఇస్త్రీ చెయ్యనా?" అని అడిగింది, ఇంకో రోజు "వాన వచ్చేట్టుందా?" అంది. వాడు ఆకాశం వంక చూసి రాదన్నాడు. మర్నాడే గడువు. ఫైలమ్మ ఆఫీసు తలుపు దగ్గరికి వేసి, మిగిలినవాళ్ళకి చేసినట్టే ఆఫీసు ఫోను నుంచి వాడి నంబరు తిప్పింది.

"హలో" అన్నాడు కొడుకు. వెనకాల ఎక్కడో ఇనుము మీద ఇనుము కొడుతున్న చప్పుడు.

"నమస్కారమండీ. గణిత విభాగం ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను."

అవతల ఇనుము చప్పుడు ఆగింది. ఇదేం వేళాకోళం అంటాడేమోనని ఆవిడ చేతిలో పెన్ను బిగించి పట్టుకుంది.

"చెప్పండి మేడం" అన్నాడు వాడు.

"మా రికార్డులో మీరు ఆఖరి సెమిస్టరుకి ముందు మానేసినట్టుంది. కారణం గడి ఖాళీగా ఉంది. చెప్పడం చెప్పకపోవడం మీ ఇష్టం."

"ఆ గడిలో ఎన్ని లైన్లు పడతాయండీ?"

"రెండు. ఎక్కువైతే వెనక రాసుకోవచ్చు."

వాడు గొంతు సవరించుకున్నాడు. "పాఠాలు బాగానే చెప్పేవాళ్ళండీ. ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు. సబ్జెక్టంటే ఇష్టమే. మా అమ్మ ఆ ఆఫీసులోనే పని చేస్తారు."

"ఊఁ" అంది ఫైలమ్మ.

"మాస్టార్లందరికీ ఆవిడంటే గౌరవం. నా పేపరు దిద్దగానే ముందు వెళ్ళి ఆవిడకి చెప్పేసేవాళ్ళు. ప్రేమతోనే లెండి. ఆవిడ నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదండీ. కానీ సాయంత్రం వచ్చి చెప్పులు విప్పే తీరులోనే నాకు తెలిసిపోయేది. తక్కువ వస్తే ఆ రోజు నేనేం చేసినా ఊరుకునేవారు. నా గ్లాసు తనే కడిగేసేవారు. జాలిగా చూసేవారు. నోటీసు బోర్డు మీద మార్కులు పడేది నాలుగు రోజుల తర్వాత. ఆ నాలుగు రోజులూ నేను ఇంట్లో ఆవిడ మొహం చూస్తూ నా మార్కులు లెక్కేసుకునేవాణ్ణి. తిట్టినా బాగుండేదండీ. నాకు ఒకటే ఉండేది. ఒక్కసారైనా నేనే ఇంటికి వచ్చి, అమ్మా ఇన్ని వచ్చాయి అని చెప్పాలని. మంచో చెడో నా నోటితో. అది ఎప్పటికీ కుదిరేట్టు లేదని మానేశాను."

ఫైలమ్మకి కాగితం మీద ఏమీ కనిపించలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నట్టనిపించింది. అన్నేళ్ళూ ఆవిడ తన నోటిని అదుపులో పెట్టుకున్నందుకు లోలోపల తనని తాను మెచ్చుకుంటూ వచ్చింది. మొహం సంగతి ఎప్పుడూ తట్టలేదు.

"ఇంకేమైనా రాయమంటారా?" అంది. గొంతు ఆఫీసు గొంతులా రాలేదు.

"ఇంకేం లేదండీ." మళ్ళీ వాడే అన్నాడు, "మేడం, వచ్చేటప్పుడు పాలు తెమ్మని మా అమ్మ పొద్దున చెప్పారు. ఎన్నో చెప్పలేదు."

"అర లీటరు" అని ఫైలమ్మ ఫోను పెట్టేసింది.

'వ్యక్తిగత కారణాలు' అని రాసి పడేస్తే ఎవరూ అడగరు. ప్రపంచంలో అన్ని ఆఫీసుల్లోనూ అదే రాస్తారు. విభాగం నియమాల పుస్తకంలో, నోటీసు బోర్డుకి ఎక్కకముందు మార్కులు బయటికి చెప్పకూడదని ఒక నియమం ఉందని ఆవిడకి కంఠతా వచ్చు, ఆ పుస్తకం టైపు చేసిందీ ఆవిడే. నిజం రాస్తే విభాగానికి దెబ్బ. కానీ ఇరవై నాలుగేళ్ళు ఆ మాస్టార్ల మధ్య కూర్చున్న పాపానికి ఆవిడ చెయ్యి అబద్ధానికి లేవలేదు. ఇలా రాసింది: 'కార్యాలయ సహాయకురాలు ఈ విద్యార్థి తల్లి. బోర్డు మీద పెట్టకముందే మార్కులు ఆమెకు తెలిసేవి. అది భరించలేక మానేశాడు.' రాసి తీసుకెళ్ళి హెడ్డు గారి ముందు పెట్టింది.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని చదివారు. మళ్ళీ చదివారు. "మనవాడు ఇలా అన్నాడా?" అన్నారు.

"అన్నాడు సార్. ఇది పంపితే మార్కులు పోతాయి సార్. తీసెయ్యమంటే తీసేస్తాను."

"ఉన్నదే కదమ్మా." ఆయన పెన్ను తీశారు. "ఇందులో ఒక లోపం ఉంది. ఎవరు చెప్పారో లేదు." ఆవిడ వారిస్తున్నా వినకుండా, కింద తన చేతి రాతతో 'మార్కులు ఆమెకు చెప్పినవారు అధ్యాపకులు. అందరికంటే ముందు చెప్పినవాణ్ణి నేను' అని రాసి సంతకం పెట్టారు.

సంగతి తెలిసి మిగిలినవాళ్ళూ వచ్చారు. ఆరుగురు వెంటనే సంతకం పెట్టారు. ఒకాయన తాను చెప్పింది ఒక్కసారే అన్నాడు, ఒక్కసారి చెబితే చెప్పినట్టా కాదా అని కాసేపు వాదన నడిచి, చెప్పినట్టే అని తేలింది. ఆయనా సంతకం పెట్టాడు. తొమ్మిదో ఆయన కిందటేడే చేరాడు, సంతకం పెట్టే అర్హత లేకపోయినందుకు చిన్నబుచ్చుకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఫైలమ్మ ఏడవకూడదనుకుని కార్బను కాగితాలు సర్దుతూ ఏడ్చింది.

కమిటీ ఒక గురువారం వచ్చింది. ముగ్గురు. ఇద్దరు బిస్కెట్లు తిని, లైబ్రరీ బాగుందని మెచ్చుకుని కూర్చున్నారు. మూడో ఆవిడే కమిటీకి పెద్ద. సన్నగా, ముడిలో పెన్సిలు గుచ్చుకుని ఉండే మనిషి. ఆవిడ రెండు వందల పన్నెండు గడులూ చదివి వచ్చింది. 'దేనితో పోలిస్తే?' అన్న చోట నవ్వలేదు. దర్జీ పేరు దగ్గర ఆగి, "ఇతను ఈ రంగంలో ఉన్నట్టేనా?" అని అడిగింది. మాస్టార్లు దాని మీద రెండుగా చీలిపోబోయారు, ఆవిడ చెయ్యెత్తి ఆపింది. ఆఖరి పేజీ తిప్పి, "ఈ తల్లి ఎవరు?" అంది.

టీ కప్పులు అందిస్తున్న ఫైలమ్మ ట్రే కింద పెట్టింది. "నేనేనండీ."

"నియమం తెలుసా?"

"తెలుసండీ. టైపు చేసింది నేనే."

పెద్దావిడ ముడిలోంచి పెన్సిలు తీసి, 'పరీక్షల గోప్యత' అన్న చోట సున్నా చుట్టింది. ఐదు మార్కుల గడి అది. "ఆ అబ్బాయి ఇప్పుడు లిఫ్టులు బాగు చేస్తాడని రాశారు. చదువు మళ్ళీ మొదలుపెట్టే వీలుందా?" అని హెడ్డు గారిని అడిగింది.

"మానేసిన ఐదేళ్ళ లోపు అయితే ఉందండీ. ఇంకా యాభై మూడు రోజులున్నాయి" అన్నారు ఆయన, లెక్క ముందే వేసుకున్నట్టున్నారు.

"మరి ఆ మాట అతనికి చెప్పకుండా నాకు చెబుతారేమిటి?" అంది పెద్దావిడ.

ఫలితం మూడు వారాలకి వచ్చింది. అరవై ఒకటి. ఒక్క మార్కుతో గట్టెక్కారు. తొమ్మిది మందీ వరండాలో నిలబడి, అరవై దాటాలి అన్నప్పుడు అరవై కూడా చాలేదా చాలదా అని చర్చించుకున్నారు. ఫైలమ్మ ఆ కాగితం ఫైల్లో పెట్టి, దారం ముడి వేసి, చాలా రోజుల తర్వాత నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంది.

ఆ సాయంత్రమే హెడ్డు గారు ఎక్కడికో వెళ్ళారు. మర్నాడు పొద్దున మోకాళ్ళు పట్టుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చారు. "నిన్న మనవాడి దగ్గరికి వెళ్ళానమ్మా. ఏడో అంతస్తులో ఉన్నాడు. వాడు బాగు చేస్తున్నది ఆ మేడ లిఫ్టే. మెట్లెక్కాను." ఆయన కాసేపు ఆయాసం తీర్చుకున్నారు, నిన్నటిది ఇంకా మిగిలినట్టు. "నా వల్ల తప్పు జరిగింది, మళ్ళీ చేరతావా అని అడిగాను. ఫారం ఇచ్చి వెళ్ళమన్నాడు. నింపుతాడో లేదో తెలియదు."

ఫైలమ్మ ఇంట్లో ఏమీ అడగలేదు. ఈసారి భయంతో కాదు, అడిగే హక్కు తనకి లేదనుకుంది. వారం గడిచింది. ఫారం తెల్లగా బీరువా మీద పడి ఉంది. ఒక పొద్దున ఇల్లు ఊడుస్తూ ఆవిడ దాని వంక చూసి, చీపురు పట్టుకునే నిలబడిపోయింది. వాడు ఆ ఫారం నింపితే ఎవరి కిటికీలో ఇవ్వాలి? హాల్ టికెట్టు ఎవరు ఇస్తారు? మార్కుల జాబితా ఎవరు టైపు చేస్తారు? వాడు నింపకపోవడానికి కారణం ఫారంలో లేదు, కిటికీలో ఉంది.

ఆ రోజే ఆవిడ బదిలీకి దరఖాస్తు పెట్టుకుంది. హెడ్డు గారు దాన్ని సొరుగులో పడేసి రెండు రోజులు ఆ ఊసెత్తలేదు. మూడో రోజు ఆవిడే లోపలికి వెళ్ళింది.

"నువ్వు వెళ్ళిపోతే మా బ్రాకెట్లు ఎవరు చూస్తారమ్మా?" అన్నారు ఆయన. ఆ మాట అనడానికి రెండు రోజులు వెతుక్కున్నట్టున్నారు.

"సార్, ఒక్క మాట అడుగుతాను, ఉన్నది చెప్పండి. వాడు మళ్ళీ పరీక్ష రాస్తాడనుకోండి. మీరు దిద్దుతారు. నేను ఇక్కడే కూర్చుని ఉంటాను. నాకు చెప్పకుండా ఉండగలరా?"

ఇంకొకరైతే ఒట్టు పెట్టేవారు. హెడ్డు గారు కళ్ళజోడు తీసి, నిజంగానే ఆలోచించారు. కిటికీలోంచి బయటికి చూశారు. తొమ్మిదేళ్ళ పిల్లాడికి సుద్దముక్కలతో ఆటలు నేర్పిన మనిషి ఆయన. "ఉండలేనమ్మా" అన్నారు. సొరుగు తీసి దరఖాస్తు మీద సంతకం పెట్టారు. ఆవిడకి ఆయన మీద అంతకు ముందెన్నడూ లేనంత ప్రేమ కలిగింది.

ఏ కిటికీ కోసం ఆవిడ అంత యాతన పడిందో ఆ కిటికీ వదిలి, రోడ్డు దాటి భూగర్భశాస్త్రం ఆఫీసుకి వెళ్ళింది. అక్కడ కాగితాల మీద బరువుకి రాళ్ళు పెడతారు, బీరువాల్లో రాళ్ళు, కుర్చీల మీద రాళ్ళు. మాస్టార్లు మంచివాళ్ళే, కానీ చొక్కా బాగుందా అంటే ఎలా ఉన్నా బాగుందంటారు. మొదటి నెల ఆవిడకి ఏమీ తోచలేదు. మధ్యాహ్నం పూట రోడ్డు అవతలి రెండో అంతస్తు వంక చూస్తూ టీ తాగేది. మళ్ళీ చేరే గడువు ఇంకా పన్నెండు రోజులుందనగా బీరువా మీద ఫారం కనిపించలేదు. వాడు ఏం చెప్పలేదు. వారంలో మూడు సాయంత్రాలు ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. వచ్చినప్పుడు చేతులకి గ్రీజుతో పాటు సుద్దపొడి ఉండేది. ఆవిడ అది చూసి కూడా చూడనట్టు సబ్బు అందించేది.

పరీక్షలు ఎప్పుడయ్యాయో ఆవిడకి తెలియదు. హెడ్డు గారు దారిలో కనిపిస్తే తల వంచుకుని అవతలి వైపు నడిచేవారు, నోరు జారుతుందని. ఒకసారి ఆయన ఆవిణ్ణి తప్పించుకోబోయి మందారం పొదలోకి వెళ్ళిపోయారు.

ఆ రోజు ఫైలమ్మ మామూలుగానే ఇంటికి వచ్చింది. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, ఆరిన బట్టలు మడత పెడుతోంది. కొడుకు లోపలికి వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. అలవాటు కొద్దీ ముందు ఆవిడ మొహంలోకి చూశాడు. అక్కడ తువ్వాలు సరిగ్గా ఆరలేదన్న విసుగు తప్ప ఇంకేమీ లేదు. వాడు ఆ మొహాన్ని చాలాసేపు చూశాడు.

"ఏంట్రా?" అంది.

"అన్నిట్లోకీ కష్టమైన పేపరు మార్కులు వచ్చాయమ్మా."

ఆవిడ చేతిలో తువ్వాలు ఆగిపోయింది. వాడు ఆ విభాగంలో చేరాక, ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న వాణ్ణి ఎప్పుడూ అడగలేదని ఆ క్షణంలో ఆవిడకి తెలిసింది. అడగవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

"ఎన్ని వచ్చాయి నాన్నా?"

"నలభై ఏడు."

"యాభైకా?"

"వందకి" అన్నాడు వాడు, నవ్వు ఆపుకోలేక.

పాసవడానికి నలభై చాలు. ఫైలమ్మ తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తుడుచుకుని, "మళ్ళీ చెప్పు" అంది. వాడు మళ్ళీ చెప్పాడు.